పెదనాయన చూపించిన హోటళ్లు

మా పాపకు నాలుగేళ్లు నిండిన ఎండాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం నేను యాడికి అనే ఊరి వైపు నుంచి ఇల్లు చేరేసరికి అది గడపలో కూర్చుని చెప్పులు విప్పించుకుంటోంది. విప్పుతున్నది మా వదిన, నా భార్యకు అక్క. వీధిలో కారు ఆగి ఉంది. లోపల మా అన్న కూర్చుని ఉన్నాడు. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. వదిన భర్త, నాకు తోడల్లుడు.

"డాడీ, మేం చేపల హోటల్‌కి పోయింటిమి," అంది పాప నన్ను చూడగానే. "నేలంతా అద్దం, అద్దం కింద నీళ్లు. మనం నడుస్తాంటే చేపలు కాళ్ల కింద పోతాంటాయి. పెదనాయన చూపించినాడు."

"తిన్నావా మరి?" అడిగాను.

"రెండు దోసెలు తినింది," అంది వదిన. ఆ చెప్పడంలో దాచుకోలేని గర్వం ఉంది. "పెదనాయనకు ఒకటి, పెద్దమ్మకు ఒకటి అంటే మాట్లాడకుండా తినేసింది."

ఇంట్లో అర దోసె తినిపించాలంటే నేను దాన్ని చంకన వేసుకుని వీధి చివరి దాకా నడవాలి. దారిలో కనిపించే ప్రతి కుక్కకూ ఒక కథ చెప్పాలి. అప్పటికీ నమిలింది బుగ్గలోనే పెట్టుకుని, ఇంటికొచ్చాక నా చొక్కా మీద ఊసేది. అలాంటి పిల్ల ఎవరి కోసమో రెండు దోసెలు తిన్నదంటే సంతోషించాలి. నేను లోపలికి పోయి కాళ్లు కడుక్కుంటూ, ఆ చేపల హోటల్ ఎక్కడుందో, అది నాకెందుకు తెలియలేదో ఆలోచిస్తూ చాలాసేపు నీళ్లు పోసుకున్నాను.

నేను డ్రిప్పు పైపుల కంపెనీలో పనిచేస్తాను. చీనీ తోటలకు, అంటే బత్తాయి తోటలకు, దానిమ్మ తోటలకు పైపులు వేయించడం, ఉప్పు పట్టి మూసుకుపోతే కడిగించడం నా పని. వారమంతా పల్లెల్లోనే తిరుగుతాను. ఆదివారం కూడా ఎవరో ఒక రైతు ఫోన్ చేస్తాడు. ఆదివారమని చెట్టుకు దప్పిక ఆగదు కదా. నా భార్య ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. ఆమెకూ చాలా ఆదివారాలు డ్యూటీ ఉంటుంది. అందుకని ఆ రోజు పాపను వదినావాళ్లు తీసుకుపోయేవాళ్లు. అన్నకు ధర్మవరం పట్టుచీరల వ్యాపారం. ఆదివారం కొట్టు మూసేస్తాడు. కారు ఉంది, తీరిక ఉంది. పిల్లలు లేరు. ఆసుపత్రుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, చివరికి మానుకున్నారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తం.

బిడ్డ ఉన్నది నాకు, లేనిది ఆయనకు. అయినా ఓర్వలేనితనం నాకే వచ్చింది.

ముందు ఆ పిలుపు దగ్గరే మొదలైంది. స్కూల్లో నేర్పారని పాప నన్ను డాడీ అంటుంది. నేను మా నాయనను నాయనా అనే పిలిచాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం వంగి కూర్చునే మనిషి, నాయనా అంటే మాత్రం చేయి ఆపి తల తిప్పేవాడు. నా బిడ్డ కూడా అలా పిలుస్తుందనుకున్నాను. ఆ మాట మా ఇంట్లోకి వచ్చింది గానీ నా దగ్గరికి రాలేదు. ముందొక 'పెద' తగిలించుకుని వెళ్లి అన్న పక్కన కూర్చుంది.

మా ఊళ్లో చిన్నపిల్లను హోటల్‌కు తీసుకుపోవడమంటే ఏమిటో ఇక్కడ పిల్లల్ని పెంచినవాళ్లకు తెలుసు. మొదటి అడ్డంకి కారం. దోసె మీద ఎర్రగా పూస్తారు, మరమరాలతో చేసే ఉగ్గానిలో పచ్చిమిరపకాయలు, పక్కన బజ్జీ, అదీ మిరపకాయే. కారం లేకుండా తెమ్మంటే సర్వరు మనకేదో జబ్బు ఉన్నట్టు చూస్తాడు. తెచ్చినదానిలో కారం కాస్త తగ్గుతుంది, అంతే. రెండోది కుర్చీ. పిల్లను కూర్చోబెడితే బల్ల గడ్డం దాకా వస్తుంది, నిలబెడితే వెనక్కి పడుతుందని భయం. మూడోది, పిల్ల ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. వేడి సాంబారు బకెట్లు పట్టుకుని మనుషులు పరుగులు తీసే చోట అది వాళ్ల కాళ్ల మధ్య దూరుతుంది.

అన్నకు ఇవేవీ అడ్డంకులు కావు. ఏ హోటల్లో పిల్లల కుర్చీ ఉందో, ఏ వంటమనిషి అడిగితే తెల్ల దోసె వేస్తాడో, ఎక్కడ వెనకవైపు ఖాళీ జాగా ఉందో ఆయనకు తెలుసు. ముందే ఫోన్ చేసి చెప్పేవాడు. చొక్కా జేబులో గుడ్డలో చుట్టిన ఒక చిన్న చెంచా పెట్టుకునేవాడు, హోటల్ చెంచాలు పాప నోటికి పెద్దవని. ఆ చెంచా ఒకరోజు మా ఇంట్లో మర్చిపోయాడు. నేను దాన్ని కడిగి, తుడిచి, తిరిగిచ్చేదాకా రోజూ చూసి కడుపు రగిలించుకున్నాను. తండ్రినైన నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదు?

వారం వారం వార్తలు వచ్చేవి. రైలు బొమ్మ మీద ప్లేట్లు వచ్చే హోటల్ అంట. మేడ మీద గడ్డి పరిచి జారుడుబండ పెట్టిన కాఫీ హోటల్ అంట. గోడ మీద పిల్లలు సుద్దముక్కతో గీసుకోనిచ్చే చోటంట, అక్కడ పాప అన్న బొమ్మ గీసిందంట.

"నా బొమ్మ గీయలేదా?" అడిగాను.

"నువ్వు ఆడ లేవు కదా డాడీ," అంది.

తప్పేముంది. లేనివాణ్ని ఎలా గీస్తుంది.

తర్వాతి ఆదివారం నేను రైతుల ఫోన్లు ఎత్తలేదు. వదినకు ఫోన్ చేసి, ఈ వారం పాపను నేనే బయటికి తీసుకుపోతానని చెప్పాను. టవర్ క్లాక్ దగ్గర చిన్నప్పటి నుంచి నేను తినే హోటల్ ఒకటి ఉంది. పాపకు దాని రుచి చూపించాలనిపించింది. కారం లేకుండా అని మరీ మరీ చెప్పాను. దోసె తెల్లగానే వచ్చింది. తుంచి నోట్లో పెట్టాక తెలిసింది, కారం లోపలివైపు పూశారని. పాప ఏడుపుకు హోటలంతా మావైపు తిరిగింది. నీళ్ల గ్లాసు అందుకోబోయి నేను సాంబారు గిన్నె ఒలకబోశాను. పక్క బల్ల దగ్గర తెల్లచొక్కా పెద్దాయన తన పంచె చూసుకుని, "బిడ్డను పట్టుకోలేనోనివి ఎందుకు పిల్చకొస్తివప్పా?" అన్నాడు.

పాపను ఎత్తుకుని బయటికొచ్చాను. వెక్కిళ్ల మధ్య అది ఒకే మాట అంది. "పెదనాయన అయితే ముందు తిని చూస్తాడు."

ఆ రోజు నుంచి నాకదే పనైంది. పైపుల పని మీద పోతూ వస్తూ ప్రతి హోటల్ ముందూ బండి ఆపేవాణ్ని. కాఫీ చెప్పి, కుర్చీలు చూసేవాణ్ని, చేతులు కడిగే తొట్టి ఎంత ఎత్తుందో చూసేవాణ్ని, వెనక్కి పోయి ఖాళీ జాగా ఉందా, పాములు తిరిగే కంప ఉందా అని చూసేవాణ్ని. ఒక హోటల్ యజమాని నన్ను మునిసిపాలిటీ మనిషి అనుకుని కాఫీ ఉచితంగా ఇచ్చాడు. నాకు కావలసింది మంచి హోటల్ ఒక్కటే కాదు. అన్నకు తెలియని హోటల్ కావాలి. పాప ఇంటికొచ్చి, "డాడీ చూపించినాడు" అనాలి. ఆ మాట అన్న చెవిన పడాలి.

చివరికి దొరికింది. ధర్మవరం దారిలో, రోడ్డు నుంచి కొంచెం లోపలికి. ఒక రైతు చెబితే వెళ్లాను. బోరు ఎండిపోయి, తోటలో సగం చీనీ చెట్లు కొట్టేసి, మిగిలిన చెట్ల నడుమ భార్యాభర్తలు హోటల్ పెట్టుకున్నారు. వేపచెట్టుకు ఉయ్యాల, ఒక మూల ఇసుక కుప్ప, పక్కన మేకపిల్లలు. బల్లలు పొట్టివి, పిల్లలకు సరిగ్గా అందేంత ఎత్తు. వంట ఆవిడదే. కారం లేకుండా వేస్తావా అమ్మా అని అడిగితే, "చిన్నబిడ్డలకు కారం ఎవురు పెడతారప్పా? రాగి దోసె వేస్తా, బెల్లం నెయ్యి పూసి. పిల్చకరా," అంది. ఎండలో బండి మీద ఇంటికొస్తూ నేను పాట పాడుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పాపను బండి ముందు కూర్చోబెట్టుకుని బయలుదేరాను. అన్న సూరత్ వైపు చీరల పని మీద పోయాడని విని ఇంకా హుషారుగా ఉన్నాను. దారిపొడవునా దానికి ఊరించి ఊరించి చెప్పాను. ఉయ్యాల ఉంది, మేకపిల్లలున్నాయి, ఇసుక ఉంది. అది మామూలుగా వింది. రోడ్డు దిగి మట్టిదారిలోకి తిరిగినప్పుడు మాత్రం బండి మీద లేచి నిలబడబోయింది.

బండి ఆపగానే దిగి, నా చేయి వదిలించుకుని, నేరుగా ఉయ్యాల దగ్గరికి పరిగెత్తింది. ఉయ్యాల వేపచెట్టుకు అవతలివైపు ఉంది, బండి ఆపిన చోటి నుంచి కనబడదు.

పొయ్యి దగ్గరి నుంచి ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పాప బుగ్గ పట్టుకుని, "ఏం బంగారూ, వచ్చినావా? ఈపొద్దు మీ నాయన రాలేదా?" అంది.

"నాయన చీరలకు పోయినాడు," అంది పాప. తర్వాత నావైపు చేయి చూపించి, "ఈయప్ప డాడీ," అంది.

ఆవిడ నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. "డాడీ వేరే, నాయన వేరేనా?" అని మెల్లగా అడిగింది.

"నేనేనమ్మా నాయన," అన్నాను.

"కాదు, నువ్వు డాడీ," అంది పాప ఉయ్యాల మీద నుంచి, నాకు తెలియని సంగతేదో ఓపికగా సరిదిద్దుతున్నట్టు.

'పెద' కూడా రాలిపోయిందన్నమాట. ఎప్పుడు రాలిపోయిందో నాకు తెలియదు. ఆ రోజు పాప రాగి దోసెలు తింది, బెల్లం మూతికంతా పూసుకుంది, మేకపిల్లతో ఆడింది, ఒక్కసారి కూడా ఏడవలేదు. నేను కోరుకున్నదంతా నా కళ్ల ముందే జరిగింది. నా ప్లేటులో దోసె చల్లారి తోలులా అయింది. ఆవిడ రెండుసార్లు వచ్చి, "తినప్పా," అని పోయింది.

ఆ తర్వాత వదిన ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పాను. ఒక వారం పాపకు జలుబు. ఒక వారం మా నాయనను చూడ్డానికి పోతున్నామన్నాను. ఇంకో వారం స్కూల్లో ఏదో బొమ్మలు గీసుకు రమ్మన్నారన్నాను. వదిన ప్రతిసారీ, "సరేలేప్పా," అనేది. అన్న ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. చేస్తే మాటకు మాట అందామని సిద్ధంగా ఉన్నాను. చేయకపోయేసరికి అదీ కోపమే అయింది.

ఒక ఆదివారం నా భార్యకు డ్యూటీ లేదు. పాప వీధి అరుగు మీద కూర్చుని, ఏ కారు వచ్చినా లేచి చూసి మళ్లీ కూర్చుంటోంది. నా భార్య కాసేపు దాన్నీ కాసేపు నన్నూ చూసి, చేతిలో చాట కింద పెట్టింది.

"మా అక్కోళ్ల ఇంటికి బిడ్డను ఎందుకు పంపీలేదు?"

"వాళ్లకు పనులుంటాయి. ఊరికే ఎందుకు ఇబ్బంది పెట్టేది?"

"నాతో అబద్ధాలు చెప్పద్దు. తోటకాడ ఏం జరిగిందో పాప నాకు చెప్పింది."

నేను వీధి వైపు తిరిగాను.

"ఆయప్పకు ఈ హోటళ్లన్నీ ఎట్ల తెలుసో నీకు తెలుసా?" అంది. "మా అక్క పెండ్లయినప్పటి నుంచి ఆయప్పకు కడుపులో పుండు. కారం తగిలితే రెండు దినాలు పండుకుంటాడు. వ్యాపారమని ఊర్లు తిరుగుతాంటాడు, బయట తినక తప్పదు. ఏ హోటల్లో కారం లేకుండా ఉంటాదో వెతుక్కుని వెతుక్కుని పెట్టుకున్నాడు. అవే బిడ్డకు చూపించినాడు. ఆయప్పది నిజంగా కడుపుమంట. నీది ఏం మంటో నువ్వే చూసుకో."

చాట తీసుకుని లోపలికి పోయింది.

ఆ మాటలతో నా మనసు తేలికపడిందని చెబితే అబద్ధం. నాకు మొదట తోచిందేమిటంటే, వాళ్లిద్దరూ ఒకే తిండి తింటారన్నమాట అని. ఒకే దోసె పంచుకుంటారు, ఒకే గిన్నెలో పెరుగు కలుపుకుంటారు. నేనేమో చిన్నప్పటి నుంచి ఎర్రకారం లేనిదే ముద్ద మింగనివాణ్ని. పాపతో కలిసి తినే ఒక్క పదార్థం కూడా నా దగ్గర లేదు. ఇంత విన్నాక కూడా నాకు అసూయే మిగిలింది.

కానీ అరుగు మీద ఆ పిల్లను చూస్తూ ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఈపొద్దు అందరం కలిసి యాడికన్నా పోదామా?"

"పోదాం," అన్నాడు వెంటనే. "యాడికి?"

"నువ్వే చెప్పన్నా. నీకు తెలుసు కదా."

"లేదప్పా. ఈసారి నువ్వు చెప్పు."

నేను కావాలనే ఆ తోట పేరు చెప్పాను. ఏమంటాడో విందామని. 

"అట్లనా? దోసెలు బాగుంటాయంటనా ఆడ?" అన్నాడు, ఎప్పుడూ అటువైపు పోని మనిషిలా. "దారి నువ్వు చెప్పాల."

కారులో పాప పెద్దమ్మ ఒళ్లో కూర్చుని ఆపకుండా మాట్లాడింది. నేను ముందు కూర్చుని, ఆయనకు బాగా తెలిసిన దారిని ఆయనకే చెప్పాను. ఇక్కడ ఎడమకు అన్నా, ఇక్కడ మెల్లగా అన్నా. ఆయన తలూపుతూ నడిపాడు. చేరాక ఆయనే ముందు దిగి, పొయ్యి దగ్గరికి గబగబా నడిచి, ఆవిడతో ఏదో మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడాడో వినబడలేదు. ఆవిడ మా దగ్గరికి వచ్చినప్పుడు అందరి ముందూ నన్ను చూసి, "రాప్పా, బిడ్డను పిల్చకొస్తివా? మంచి పని చేసినావు," అంది. ఆయనవైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

ఆ మర్యాద కూడా నాకు ముల్లులా గుచ్చుకుంది. మంచితనంలోనూ ఆయనే ముందున్నాడు.

అక్కాచెల్లెళ్లు పాపను ఉయ్యాల ఊపుతుంటే మేమిద్దరం చీనీ చెట్టు కింద మంచం మీద కూర్చున్నాం. ఆయన చాలాసేపు చెప్పు మొనతో మన్ను గీకాడు.

"నీకు కోపం వచ్చిందని నాకు తెలుసప్పా," అన్నాడు.

"కోపమేం లేదన్నా."

"వస్తాది. రాకుండా ఎట్ల ఉంటాది? నాయన అని పిలవద్దని దానికి నేను చెప్పాల్సింది. ఒకసారి పిలిచింది. ఊరికే ఉండిపోతిని." ఇంకా కిందికే చూస్తున్నాడు. "నాకు రాదనుకుంటివా? సాయంత్రం మీ ఇంటికాడ దించి పోతాము కదా. అది నిన్ను చూస్తానే డాడీ అని దుమికి పోతాది. మా దిక్కు తిరిగి కూడా చూడదు. ఇల్లు చేరేదాకా కారులో మీ వదిన నాతో మాట్లాడదు, నేను ఆమెతో మాట్లాడను."

పాప నన్ను చూసి దూకడం నాకెప్పుడూ కనబడలేదు. నాకు కనబడిందల్లా అది కారులోంచి దిగడమే.

 లేచి పోయి రెండు ప్లేట్లు తెచ్చాను. నాకు కూడా కారం లేనిదే తెచ్చుకున్నాను. బెల్లం, నెయ్యి పూసిన రాగి దోసె పెద్దవాళ్లు తినే తిండి కాదని నా నమ్మకం. ఆయన నా ప్లేటు చూసి, "నీకెందుకప్పా ఈ శిక్ష? పోయి కారం పూయించుకోపో," అన్నాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం. నేను పోయి పూయించుకున్నాను కూడా.

తర్వాత ఆదివారాలు ఎలాగో సర్దుకున్నాయి. కొన్ని వాళ్లవి, కొన్ని నావి, కొన్ని అందరివీ. అసూయ పోలేదు. కొత్త హోటల్ ఏదైనా తెరిచారంటే ఆయనకంటే ముందు పోయి కుర్చీలు చూసి రావడం నేను మానలేదు. ఆయనా మానలేదు. ఒకసారి ఒకే కాఫీ హోటల్ మెట్ల మీద ఎదురుపడ్డాం, నేను ఎక్కుతున్నాను, ఆయన దిగుతున్నాడు. "లోపల ఏసీ ఎక్కువ, బిడ్డకు పనికిరాదు," అన్నాడు. అయినా నేను ఎక్కి నా కళ్లతో చూసే దిగాను.

పాప ఇప్పుడు ఒకటో తరగతి. మొన్న ఒక ఆదివారం తరగతిలోని పిల్ల పుట్టినరోజని పిలిచారు. ఊరి కొత్త కాలనీల వైపు పిల్లల కోసమే ఆటల హోటల్ ఒకటి పెట్టారు, పార్టీ అక్కడ. అలాంటి చోటు ఊళ్లో వచ్చిందని నాకూ తెలియదు, అన్నకూ తెలియదు. దించడానికి నేను పోయాను. దారిలో పని ఉందని ఆయన కూడా కారు తీసి మాతో వచ్చాడు. వాకిట్లోనే ఒకమ్మాయి పాప చేయి పట్టుకుని, "పెద్దోళ్లు లోపలికి లేదన్నా, సాయంత్రం వచ్చి పిల్చకపోండి," అంది. తలుపు వేసేసింది.

ఆయన దారిలో పని మర్చిపోయాడు. ఎదురుగా టీ అంగడి ఉంటే ఇద్దరం అక్కడే కూర్చున్నాం. లోపలి నుంచి పాటలు, పిల్లల కేకలు.

"కారం పెడతారేమో," అన్నాడు ఆయన.

"ఇప్పుడు కొంచెం తింటాది కదన్నా."

"తింటాది. అయినా కూడా."

సాయంత్రం పాప బయటికి వచ్చింది. తల మీద కాగితపు కిరీటం, గడ్డానికి కేకు. మేమిద్దరం ఒకేసారి లేచాం. అది మా ఇద్దరినీ దాటి వెనక్కి తిరిగి, లోపల ఎవరికో చేయి ఊపింది.

"ఎవురు రా ఆడ?" అడిగాడు అన్న.

"పుట్టినరోజు పాప వాళ్ల చిన్నాయన. గాల్లోంచి చాక్లెట్ తీసినాడు! నా చెవిలోంచి కూడా తీసినాడు! ఎట్ల తీసినాడో ఎవురికీ తెలీదు. నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు."

కారులో ఇల్లు చేరేదాకా ఆ చిన్నాయన సంగతే. ఆయన టోపీ, ఆయన నవ్వు, ఆయన చేతుల్లోంచి వచ్చిన రంగుగుడ్డ. దించినప్పుడు పాప మా ఇద్దరివైపూ చూడకుండా, అమ్మకు చెప్పాలని లోపలికి పరిగెత్తింది.

అన్న కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆయప్ప ఏం పని చేస్తాడంట?" అని అడిగాడు.

"తెలీదన్నా."

"ఊరికే అడిగితిలే," అని, నేను దిగాక బండి తిప్పుకుని, మళ్లీ ఆపి, అద్దం దించాడు. "వీలైతే కనుక్కో."